పాత ఆర్కేడ్ మానిటర్‌ను పీకేయమనే సలహా తప్పు

పాత ఆర్కేడ్ క్యాబినెట్‌ను ఎమ్యులేషన్‌కు (పాత ఆటలను కంప్యూటర్ మీద ఆడించడానికి) మార్చుకోవాలని ఎవరు అడిగినా ఒకే సలహా ఎదురవుతోంది. "అందులోని సీఆర్‌టీ (పిక్చర్ ట్యూబ్) మానిటర్ కంప్యూటర్‌తో పనిచెయ్యదు. ముట్టుకుంటే ప్రాణాపాయం. ఎలాగూ దాని ఆయుష్షు అయిపోయింది. పీకేసి ఎల్‌సీడీ పెట్టుకోండి, బొమ్మ ఇంకా బాగుంటుంది." ఈ నాలుగు మాటల్లో రెండో దాంట్లో నిజముంది. ఆ ఒక్క నిజం చూసి మిగతావీ నమ్మేసి, మంచి పిక్చర్ ట్యూబులను చెత్తలో వేస్తున్నారు. వాటి తయారీ ఎప్పుడో ఆగిపోయింది. అందుకే ఒక్కో మాటకూ జవాబు చెప్పాలనిపించింది.

"కంప్యూటర్‌తో పనిచెయ్యదు." వీజీఏ కేబుల్‌ను నేరుగా తగిలిస్తే పనిచెయ్యదన్నది వాస్తవమే. వీజీఏ సిగ్నల్ సెకనుకు దాదాపు 31,500 గీతలు గీయమంటుంది. మామూలు ఆర్కేడ్ మానిటర్ గీసేది అందులో సగం, సుమారు 15,700. రెట్టింపు వేగం మీద పడితే బొమ్మ చెదిరిపోతుంది, అలాగే వదిలేస్తే గీతలు గీయించే హారిజాంటల్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ కాలిపోవచ్చు. కానీ దీనికి దారి ఎప్పటి నుంచో ఉంది. సీఆర్‌టీ ఎమ్యుడ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ వేస్తే కొన్ని పాత రేడియాన్ గ్రాఫిక్స్ కార్డులు నేరుగా 15 కిలోహెర్ట్జ్ సిగ్నల్, అంటే ఆర్కేడ్ మానిటర్‌కు కావాల్సిన వేగమే ఇస్తాయి. దానికి గ్రూవీమేమ్ అనే ఎమ్యులేటర్ తోడైతే, ఏ ఆట తెరిస్తే ఆ ఆటకు తగ్గ రిజల్యూషన్, రిఫ్రెష్ రేటు అదే సర్దుకుంటుంది. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ వాడేవాళ్లకు దాని పిన్నుల మీదే కూర్చునే చిన్న ఆర్‌జీబీ బోర్డులున్నాయి.

ఇక మిగిలింది వోల్టేజీ, సింక్ (ప్రతి గీతా, ప్రతి ఫ్రేమూ ఎప్పుడు మొదలవ్వాలో చెప్పే సిగ్నల్). కంప్యూటర్ ఇచ్చే వీడియో 0.7 వోల్టులే. చాలా ఆర్కేడ్ మానిటర్లకు అది చాలదు, బొమ్మ మసకగా వస్తుంది. 1985లో వచ్చిన జామా (ఆట బోర్డును క్యాబినెట్‌కు కలిపే ప్రామాణిక వైరింగ్) పద్ధతి క్యాబినెట్ అయితే జేపాక్ అనే బోర్డు ఆ 56 పిన్నుల కనెక్టర్‌కే తగులుతుంది. వీడియోను పెంచుతుంది, రెండు సింక్‌లను ఒకటి చేస్తుంది, జాయ్‌స్టిక్‌నూ బటన్లనూ కంప్యూటర్‌కు కీబోర్డులా చూపిస్తుంది. కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు వచ్చే 31 కిలోహెర్ట్జ్ సిగ్నల్‌ను మానిటర్ దాకా పోనివ్వదు కూడా. ఒక్క వైరు కోయనక్కర్లేదు.

"ముట్టుకుంటే ప్రాణాపాయం." ఈ మాటను తేలిగ్గా తీసుకోకండి. కలర్ ట్యూబ్ ఆనోడ్ (ట్యూబ్ మీద రబ్బరు మూత కింద ఉండే కనెక్షన్) దగ్గర 20,000 వోల్టుల స్థాయిలో కరెంటు ఉంటుంది. ప్లగ్ పీకేశాక కూడా కొంత నిలిచి ఉండొచ్చు. దాన్ని వదిలించడానికి కరెంటు పారని మంచి పిడి ఉన్న స్క్రూడ్రైవర్‌కు వైరు కట్టి, రెండో కొసను ట్యూబ్ వెనక నల్లపూతను ఆనుకుని ఉండే అల్లిక తీగకు బిగించి, ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని, స్క్రూడ్రైవర్ మొనను ఆ రబ్బరు మూత కిందికి మెల్లగా జరుపుతారు. 'టప్'మని వినిపిస్తుంది. అంతటితో అయిపోదు, కాసేపటికి కొంత చార్జ్ మళ్లీ చేరుతుంది కాబట్టి ఇంకోసారి తాకించాలి. అలవాటు లేనివాళ్లు ఈ పనిని సీఆర్‌టీ టీవీలు బాగుచేసిన మెకానిక్‌కు అప్పగించడమే సరైనది.

అయితే ఆలోచించండి, పీకాలన్నా దాన్ని ముట్టుకోవాల్సిందేగా? బయటికి లాగేటప్పుడే ట్యూబ్ మెడకు దెబ్బ తగిలే అవకాశం ఎక్కువ, ఆ సన్నటి గాజు విరిగితే ట్యూబ్ పోయినట్టే. పనిచేస్తున్న మానిటర్‌ను ఉన్నచోటే ఉంచి, కనెక్టర్ దగ్గర సిగ్నల్ మారిస్తే మానిటర్ చాసిస్ (ట్యూబ్‌ను నడిపే సర్క్యూట్ బోర్డు) జోలికే వెళ్లనక్కర్లేదు. నన్ను ఎక్కువగా టెన్షన్ పెట్టే తప్పు ఇంకొకటి. పాత వైరింగ్ తీసేస్తూ, మానిటర్‌ను మెయిన్స్ నుంచి వేరుగా ఉంచే, అడుగున బరువుగా ఉన్న ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్‌ను కూడా పనికిరానిదని తీసేసి, మానిటర్‌ను నేరుగా మెయిన్స్‌కు కలిపేస్తుంటారు. చాలా ఆర్కేడ్ మానిటర్ల చాసిస్‌కు అది లేకపోతే షాక్ కొట్టడం, పార్టులు కాలిపోవడం రెండూ జరగొచ్చు. దాన్ని మాత్రం కదపకండి.

"ఆయుష్షు అయిపోయింది." బొమ్మ పక్కలకు వంగడం, కుంచించుకుపోవడం, అలల్లా ఊగడం చాలాసార్లు ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఎండిపోయిన లక్షణాలు. వాటిని మారిస్తే సరిపోవచ్చు. బొమ్మ పైకీ కిందికీ దొర్లుతుంటే ముందు వర్టికల్ హోల్డ్ నాబ్ తిప్పి చూడండి. పాక్‌మాన్ గళ్లు అద్దం మీద శాశ్వతంగా అచ్చుపడిపోయినా, మెడ విరిగినా అప్పుడు వేరే సంగతి, ఎల్‌సీడీ పెట్టుకోవడంలో తప్పులేదు.

"ఎల్‌సీడీలో బొమ్మ బాగుంటుంది." నేను ఒప్పుకోనిది ఇక్కడే. ఆ ఆటల్లో చాలావాటికి ఉన్నది 240 గీతల లోపే. 240ని 1080లోకి సాగదీస్తే ప్రతి గీతా నాలుగున్నర వరుసలు కావాలి. సగం వరుస అంటూ ఉండదు కాబట్టి కొన్ని గీతలు లావెక్కుతాయి, లేదా అంచులు అలుక్కుపోతాయి. సీఆర్‌టీ మీద అదే బొమ్మను దగ్గరగా చూడండి: వెలుగు గీతకూ గీతకూ మధ్య సన్నటి చీకటి, పక్కపక్క రంగులు కొద్దిగా కలిసిపోయి వచ్చే నునుపు. బొమ్మలు గీసినవాళ్లు తమ పనిని చూసుకున్నది అలాంటి తెర మీదే. కదలిక సంగతీ ఉంది. మోర్టల్ కాంబాట్ నడిచేది సెకనుకు 60 ఫ్రేములతో కాదు, దాదాపు 54.7తో. 60కే కట్టుబడిన ఎల్‌సీడీ మీద అది కుదుపులతోనో, అసలు కంటే వేగంగానో నడుస్తుంది. రిఫ్రెష్ రేటు మార్చుకోగల కొత్త మానిటర్లు ఈ ఒక్క లోటు తీరుస్తాయి, కానీ సీఆర్‌టీ వెలుగు కోసమే చేసిన పాత లైట్ గన్లు (తెరకు గురిపెట్టి ఆడే తుపాకులు) వాటి మీదా పనిచెయ్యవు.

ట్యూబ్ నిజంగానే పాడై ఎల్‌సీడీ పెట్టాల్సి వస్తే చెక్కను కోయకండి, పాత స్క్రూ రంధ్రాలకే బిగించండి. చాసిస్ బాగుంటే జాగ్రత్తగా దాచండి. రేపు సరిపోయే ట్యూబ్ దొరికితే, దాని మెడ మీది రాగి చుట్టను తిప్పకుండా అలాగే తెచ్చుకోండి. అది కాస్త జరిగినా మూడు రంగులూ ఒకదాని మీద ఒకటి కుదరడానికి గంటలు పడుతుంది.