నాన్న తలలో గడ్డ, అమ్మ వండిన ఎండుచేప

నాన్నకి ఆపరేషన్ అయి పదకొండు రోజులైంది. బయాప్సీలో గ్లయోబ్లాస్టోమా అని వచ్చింది, మెదడులో పుట్టే ప్రాణాంతకమైన క్యాన్సర్ గడ్డ. అక్క పోషకాహారం చదివింది. నేను జబ్బుల లెక్కలు చూసే ఉద్యోగంలో ఉన్నాను. ఆ రాత్రి బందరులో మా వంటింట్లో ఇద్దరం గొంతు తగ్గించి చేసుకున్న వాదన ఇది. పక్క గదిలో అమ్మ పడుకుని ఉంది.

అక్క: ఈ ఎండుచేపల డబ్బా అవతల పారేస్తున్నా, అడ్డు రాకు. ముప్పై ఏళ్లు వారం వారం తిన్నారు నాన్న. ఉప్పేసి ఎండబెట్టిన చేపలో నైట్రోసమైన్లనే క్యాన్సర్ తెచ్చే రసాయనాలు ఉంటాయని నీకు తెలీదా?

నేను: ఉంటాయక్కా. గడ్డ వాటివల్లే వచ్చిందని ఎలా అంటున్నావు?

అక్క: ఎలుకల్లో చూశారు కదరా! 1960ల్లో జర్మనీలో శాస్త్రవేత్త హెర్మన్ డ్రుక్రే వాళ్లు కడుపుతో ఉన్న ఎలుకలకి ఇథైల్ నైట్రోసోయూరియా అనే రసాయనం ఇచ్చారు. ఒక్కటంటే ఒక్క డోసు. పుట్టిన పిల్లల్లో దాదాపు అన్నిటికీ మెదడులోనో నరాల్లోనో గడ్డలు లేచాయి. ఆ జాతి రసాయనాలే చేపలోనూ, సాసేజ్‌లోనూ ఉన్నది.

నేను: ఆ ఎలుకలకిచ్చింది నైట్రోసమైడ్ అనే వేరే రకం, ప్రయోగశాలలో చేసింది. తిండిలో నేరుగా మనకి వచ్చేవి ఎక్కువగా నైట్రోసమైన్లు. ఎలుకల్లో అవి లివర్‌నీ అన్నవాహికనీ పట్టుకుంటాయి.

అక్క: కడుపులోకి వెళ్లాక, మాంసం నిల్వకి కలిపే నైట్రైట్ అనే ఉప్పు నుంచి నైట్రోసమైడ్లు కూడా తయారవుతాయి. ఆ మాట దాటేయకు.

నేను: దాటేయను. తయారవుతాయి. విటమిన్ సి ఉంటే ఆ పని తగ్గుతుంది కూడా. అనుమానం న్యాయమైనదే. అందుకే మనుషుల్లో వెతికారు.

అక్క: వెతికితే దొరికింది కదా? గడ్డ వచ్చినవాళ్లు మిగతావాళ్లకంటే నిల్వ మాంసం ఎక్కువ తిన్నారని పాత అధ్యయనాల్లో తేలింది.

నేను: ఎవరిని అడిగి తేల్చారు? గడ్డ వచ్చాక అడిగారు. మొన్న నాన్న నీ పేరే మర్చిపోయారు. ఇరవై ఏళ్ల కిందట ఏం తిన్నారో ఆయనేం చెప్పగలరు? అలాంటి చాలామంది తరఫున భార్యో, పిల్లలో జవాబు చెప్పారు. తప్పెక్కడ జరిగిందా అని నిద్రమానుకుని తవ్వుకునేవాళ్లకి తిన్న ప్రతి ముద్దా గుర్తొస్తుంది. నీకిప్పుడు ఈ డబ్బా గుర్తొచ్చినట్టే.

అక్క ఏమీ అనలేదు. అంత పదునుగా అనాల్సింది కాదని నాకు వెంటనే అనిపించింది.

నేను: జబ్బు రాకముందే తిండి వివరాలు రాసుకుని, ఏళ్ల తరబడి వెంట ఉన్న లెక్కలున్నాయక్కా. అమెరికాలో నర్సులు, వైద్యరంగంలో పనిచేసేవాళ్లు ఉన్న మూడు బృందాల్లో 335 గ్లయోమాలు, అంటే నాన్నకొచ్చిన జాతి గడ్డలు, బయటపడ్డాయి. 2009లో ఫలితం వచ్చింది. నిల్వ మాంసానికీ నైట్రైట్‌కీ ముడి కనబడలేదు. 2010లో ఇంకా పెద్ద లెక్క. 5,45,770 మందిలో 585 గ్లయోమాలు. అక్కడా మాంసం మీద నేరం నిలవలేదు. పైగా పళ్లూ కూరగాయలూ ఎక్కువ తిన్నవాళ్లలో గ్లయోమా కాస్త ఎక్కువ కనిపించింది. రేపటినుంచి తోటకూర మానేద్దామా?

అక్క: వాళ్లలో ఒక్కరైనా బందరు ఎండుచేప తిన్నారా?

నేను: లేదు. నేను చెప్పిన రెండు లెక్కలూ అమెరికావే. అక్కడ నీదే పైచేయి.

అక్క: ఇంకోటి విను. మెనింజియోమా కూడా తలలో గడ్డే. ఒంట్లో కొవ్వుకీ దానికీ సంబంధం ఉందని 2016లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థే చెప్పింది. కొవ్వు తిండివల్ల రాదా?

నేను: ఒప్పుకుంటా. కానీ అది మెదడు పొరల్లో పుట్టేది, చాలావరకు క్యాన్సర్ కానిది. నాన్నది వేరే గడ్డ. ఆయన ఏనాడూ అరవై కిలోలు దాటలేదు. గ్లయోమాకి గట్టిగా రుజువైన కారణాలు తలకి తగిలిన రేడియేషన్, పుట్టుకతో వచ్చే కొన్ని అరుదైన జన్యులోపాలు. నాన్నకి రెండూ లేవు.

అక్క: సరే, జరిగింది వదిలేయ్. ఇకముందు సంగతేంటి? క్యాన్సర్ కణం గ్లూకోజుని విపరీతంగా మింగుతుందని జర్మన్ శాస్త్రవేత్త ఒట్టో వార్బర్గ్ ఎప్పుడో చూపించాడు. అన్నం, పంచదార ఆపేసి, కొవ్వు ఎక్కువుండే కీటో తిండి మీద పెడితే గడ్డ మాడదా?

నేను: వార్బర్గ్ చూసింది నిజమే. కానీ అన్నం ఆపినా లివర్ గ్లూకోజు చేస్తూనే ఉంటుంది. కీటో మీద చిన్న చిన్న ట్రయల్స్ జరిగాయి, ఆయుష్షు పెరిగినట్టు రుజువు కాలేదు. ఇప్పుడాయన మెదడు వాపు తగ్గించే డెక్సామెథసోన్ అనే మందు మీద ఉన్నారు. అది ఆకలి రేపుతుంది, షుగర్ పెంచుతుంది, తొడల కండ కరిగిస్తుంది. రెండు వారాల్లో రేడియేషన్, టెమోజోలమైడ్ అనే కీమో మందు మొదలవుతాయి. ఆరు వారాలు తట్టుకోవాలి. గుడ్డు, పప్పు, పెరుగు ఎంత పెట్టాలో, షుగర్ ఎలా అదుపులో ఉంచాలో నువ్వే చూడాలి. అది నాకు రాదు.

అక్క: చేతులు కట్టుకుని కూర్చోలేకపోతున్నానురా.

నేను: తెలుసు. కానీ పొద్దున్నే అమ్మ ఈ డబ్బా కోసం చూస్తుంది. నిన్న నన్ను అడిగింది, "నేను పెట్టిందేగా ఆయన తిన్నది" అని. కాదమ్మా అన్నాను. నమ్మలేదు. తిండి గురించి చదువుకున్నదానివి నువ్వు.

అక్క డబ్బా మూత బిగించింది. "ఉప్పు చేప మాత్రం రోజూ వద్దు, బీపీకి మంచిది కాదు. అంతవరకే చెప్తాను," అంది. డబ్బా మళ్లీ అలమరలో పెట్టి, చేతులు కడుక్కుని అమ్మ గదిలోకి వెళ్లింది.