ఫోన్ జూమ్ గారికి, పులికాట్ రోడ్డు మీద నుంచి

జూమ్ గారూ, నమస్తే. మీరు క్షేమమేనని తెలుసు, మీకేం కాదు, ఫోన్ మారినప్పుడల్లా మీ నంబర్ పెరుగుతూనే ఉంటుంది, పదింతలు, ముప్పై ఇంతలు, వందింతలు అంటూ. నేను రాసేది సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్ళే రోడ్డు మీద మీరు చేస్తున్న నిర్వాకం గురించి. కాస్త తీరిగ్గా చదవండి, ఇది రీల్ కాదు పైకి తోసెయ్యడానికి.

ఆ రోడ్డు మీకు బాగా తెలుసు కదా, పులికాట్ సరస్సుని అడ్డంగా కోసుకుంటూ పోతుంది, అటూ ఇటూ ఉప్పునీళ్ళు, చివర్న రాకెట్లు ఎగరేసే ఇస్రో కేంద్రం, షార్ గేటు. చంద్రయాన్-3 అక్కణ్ణుంచే 2023 జులై 14న లేచింది, చంద్రుడి మీద దిగేసరికి ఆగస్టు 23 అయింది, అన్నాళ్ళూ దేశం మొత్తం దేవుడికి దణ్ణాలు పెట్టుకుంటూ కూర్చుంది. మీరు మాత్రం యాడ్‌లో రెండు వేళ్ళు చాపితే చాలు చంద్రుడి మీద గుంతలు లెక్కపెట్టించేస్తారు. సరే, ఒప్పుకున్నాం. మరి అదే రోడ్డు పక్కన, మామూలు కంటికి కనపడే దూరంలో బురదలో నిలబడ్డ ఫ్లెమింగోకి ముక్కుందో లేదో కూడా ఎందుకు చూపించలేకపోతున్నారు స్వామీ?

పోనీ టైమ్ తప్పు అందామా అంటే జనాలొచ్చే టైమే అది. చెన్నై నుంచో నెల్లూరు నుంచో బయల్దేరి, పేటలో చెంగాళమ్మకి దణ్ణం పెట్టుకుని, టిఫిన్ చేసి, చట్నీ ఇంకోసారి వేయించుకుని, పిల్లోడు బాత్రూం అంటే మళ్ళీ ఆగి, ఎట్టకేలకి సరస్సు దగ్గరకి చేరేసరికి ఎండ నెత్తికెక్కుతుంది, నీళ్ళ మీద వేడిగాలి వణుకుతూ ఉంటుంది, ఆ గాలిలోంచి ఎంత గొప్ప లెన్సుతో చూసినా బొమ్మ వణుకుతుంది. అది మీరు చెప్పరు. లెన్సు ఎప్పుడో చేతులెత్తేసిందని కూడా చెప్పరు. ఉన్న బొమ్మలోంచే మధ్యలో ఒక ముక్క కత్తిరించి, సాగదీసి, తెలియని చోట సొంత ఊహ పులిమి మా చేతిలో పెడతారు. అది తీసుకెళ్ళి ఫ్యామిలీ గ్రూప్‌లో పెడితే మా పెద్దమ్మ "ఏంట్రా, చెరువులో చీరలు ఆరేశారా" అని అడిగింది. ఆమెకేం చెప్పమంటారు?

అసలు గొడవ ఫోటో బాగా రాకపోవడం కాదండీ, అది మా ఖర్మ అనుకుని ఊరుకునేవాళ్ళం. మీరు దగ్గరకి తేలేనిదాని దగ్గరకి మావాళ్ళే నడిచి వెళ్తున్నారు, అదీ గొడవ. మొన్న సీజన్‌లో తెల్ల షూస్ వేసుకున్న ఒక కుర్రాడు రోడ్డు కట్ట దిగాడు. పులికాట్ ఒడ్డు చూడ్డానికి ఎండిపోయి పగుళ్ళిచ్చి, పైన ఉప్పు పొర మెరుస్తూ గట్టి నేలలాగే ఉంటుంది, కాలు వేశాక తెలుస్తుంది కింద పిక్కల దాకా నల్ల బురదని. వాడు రెండో అడుగు వేశాడు, మూడోదానికి కాలు వచ్చింది, షూ రాలేదు. ఫోన్ మాత్రం కిందకి దించలేదు, రికార్డింగ్‌లో ఉంది కదా. ఆ పక్షులు ఏం చేశాయో తెలుసా, ఎగరలేదు, అన్నీ ఒకేసారి మెడలెత్తి చూశాయి, నింపాదిగా అటు తిరిగి వీడెంత దూరం వచ్చాడో అవీ అంత దూరం నడిచి మళ్ళీ ముక్కు నీళ్ళలో పెట్టుకున్నాయి. వాటికున్న మర్యాదలో పావు వంతు మనకుంటే బాగుండు.

ఇంక రోడ్డు మీద ఉన్న బ్యాచ్ ఇంకో రకం. పెద్ద ఫ్లెమింగో నిలబడి ఉంటే చాలామటుకు తెల్లగానే ఉంటుంది, ఎరుపు అంతా రెక్కల్లో దాగి ఉంటుంది, పిల్ల పక్షులైతే బూడిద రంగులో దుమ్ముకొట్టుకుపోయినట్టు ఉంటాయి. థంబ్‌నెయిల్‌లో చూసిన పింక్ ఇక్కడ లేదే, డబ్బులు తిరిగి ఇస్తారా అన్నట్టు మొహాలు పెడతారు (టికెట్టే లేదక్కడ, రోడ్డు పక్కన నిలబడి చూడ్డానికి). రెక్కలు విప్పితే గానీ రంగు కనపడదని ఎవరో చెప్తారు, అంతే, చప్పట్లు, కారు హారన్, ఒకాయన ఏకంగా మట్టిపెళ్ళ విసిరాడు, పక్కన భార్య "ఇప్పుడు, ఇప్పుడు తీ" అని కేక. గుంపంతా లేచింది, ఎర్రగా మెరిసింది, వీడియో వచ్చింది, లైకులూ వచ్చుంటాయి. ఆ పక్షి అక్కడ తలకిందులుగా ముక్కు పెట్టి, నాలుకతో నీళ్ళు లోపలికి లాగి బయటకి తోస్తూ, ముక్కు అంచున ఉన్న జల్లెడలో పట్టుకున్న నాచూ బుల్లి బుల్లి రొయ్య జాతి పురుగులూ తింటోంది జూమ్ గారూ, ఆ తిండిలోంచే దానికా రంగు వచ్చింది. మీరు అడిగిన పింక్ కోసం పింక్ తయారయ్యే భోజనం మీద నుంచి లేపేశారు. మన పెళ్ళి భోజనాల్లో ఇలా లేపితే రెండు కుటుంబాలు మాట్లాడుకోవడం మానేస్తాయి.

పైగా అవి ఎక్కడ నిలబడాలన్నది మనమెళ్ళి అడిగితే మారేది కాదు. కాళ్ళు ఆనేంత లోతున్న చోటే వాటికి హోటల్. వానలు బాగా పడి కాళంగి, ఆరణి నదుల నీళ్ళు వచ్చి చేరితే లోతు పెరుగుతుంది, పక్షి దూరంగా పోతుంది, నీళ్ళు లాగేస్తే రోడ్డు దాకా వస్తుంది, ఇంకా లాగేస్తే వేసవిలో ఉత్తరం వైపు నేలే మిగులుతుంది. సరస్సు సముద్రంలోకి తెరుచుకునే ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతే ఆటుపోటు నీళ్ళు రాక, చేపా రాక, జాలర్ల వల ఖాళీ, పక్షి ముక్కూ ఖాళీ. వీటిలో ఒక్కదానికీ మీ దగ్గర సెట్టింగ్ లేదు.

ఒక్క చోట మాత్రం మీ పప్పులు ఉడికాయి, అదీ చెప్పాలి. నేలపట్టు పక్షుల అభయారణ్యం. అక్కడ చెరువు నీళ్ళలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు పెట్టుకుంటాయి, పులికాట్ వెళ్ళి చేపలు తిని వచ్చి పిల్లలకి పెడతాయి, పిల్ల తల్లి గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చి తింటుంటే టవర్ మీద నుంచి మామూలు ఫోన్‌లో కూడా కనపడుతుంది. ఆ ఊళ్ళ వాళ్ళు వాటిని చాలా ఏళ్ళుగా కాపాడుకుంటూ వస్తున్నారు, రెట్టలు కలిసిన చెరువు నీళ్ళు పారితే పొలానికి ఎరువని. అక్కడ మీరు బాగా పనిచేశారంటే అది మీ గొప్ప కాదు, వాళ్ళ గొప్ప.

కాబట్టి మా డిమాండ్లు. పులికాట్ దగ్గర పదింతలు దాటి లాగబోతే స్క్రీన్ మీద "ఒరేయ్, బైనాక్యులర్ కొనుక్కో, లేదా పొద్దున్నే ఆరింటికి రా" అని తెలుగులో మెసేజ్ రావాలి. బురదలో దిగినవాడి ఫోన్‌లో కెమెరా దానంతటదే ఆఫ్ అయి టార్చ్ వెలగాలి, షూ వెతుక్కోవడానికి. హారన్ కొట్టి తీసిన వీడియోకి మీరే ఒక పాట కలిపి పంపండి, మా పెద్దమ్మకి నేను చూపిస్తా, మిగతాది ఆమె చూసుకుంటుంది.

ఇట్లు,
గ్యాలరీ నిండా పింక్ మరకలున్న మీ కస్టమర్

తా.క. స్టోరేజ్ ఫుల్ అని నిన్నట్నుంచి గోల పెడుతున్నారు. ఆ మరకల్లో ఏది డిలీట్ చెయ్యాలో కూడా మీరే జూమ్ చేసి చెప్పండి, నాకైతే అన్నీ ఒకేలా ఉన్నాయి.