గాదెలో ధాన్యం, ఈ ఏటి పంట: అడవుల మెసేజ్‌లో తప్పిన లెక్క

వారం రోజుల్లో మూడు గ్రూపుల్లో వచ్చింది ఆ మెసేజ్. మా బాబాయి కూడా పంపి, "చూశావా, మనకేం భయం లేదురా" అన్నాడు. అందులో ఉన్నది ఇదీ: మన అడవులకు 3,000 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ పీల్చే శక్తి ఉంది, మనం ఏడాదికి వదిలేది 300 కోట్లే, కాబట్టి నెట్ జీరో (వదిలినంతా తిరిగి పీల్చేసుకునే స్థితి) ఎప్పుడో దాటేశాం. అడవులు ఏటా పెరుగుతున్నాయి. భూటాన్ చెట్లతోనే సాధించింది. బొగ్గు తగ్గించమనడం విదేశీయుల కుట్ర. తలా ఒక మొక్క నాటితే చాలు.

దీని వెనకున్న కోపం న్యాయమైనదే. తలకు లెక్కేస్తే మనం ఏడాదికి వదిలేది రెండు టన్నుల చిల్లర, అమెరికా వాళ్లది దానికి ఆరేడు రెట్లు. ఆ మాట నలుగురిలో గట్టిగా అడగాలంటే ముందు మన లెక్క సరిగ్గా ఉండాలి.

3,000 కోట్ల అంకె అబద్ధం కాదు. భారత అటవీ సర్వే సంస్థ 2023 నివేదికలో 3,043 కోట్ల టన్నులని ఉంది. కానీ అది నిల్వ. మానుల్లో, వేళ్లలో, మట్టిలో తరతరాలుగా పేరుకున్నది. గాదెలో ఉన్న ధాన్యమంతా చూపించి ఈ ఏడు పండిందంటే ఏ రైతైనా ఒప్పుకుంటాడా? ఈ ఏటి పంట ఎంతో మన ప్రభుత్వమే 2024 డిసెంబరులో ఐక్యరాజ్యసమితికి లెక్క ఇచ్చింది. 2020లో దేశం వదిలిన, భూమిని వేడెక్కించే వాయువులు 295.9 కోట్ల టన్నులు. అడవులు, నేల కలిసి పీల్చుకున్నవి సుమారు 52 కోట్లు. ఇంకా 243.7 కోట్లు మిగిలాయి. అదీ లాక్‌డౌన్ ఏడాదిలో. ఈ మిగిలింది సున్నా అయినప్పుడే నెట్ జీరో.

ఇక అడవులు పెరగడం. 2021 నివేదికలో దేశమంతా కలిపి 1,540 చదరపు కిలోమీటర్లు పెరిగిన మాట నిజం. విడదీసి చూడండి: పలచటి అడవి 2,621 పెరిగింది, ఓ మాదిరి చిక్కటి అడవి 1,582 తగ్గింది. పైగా ఆ సర్వేలో రెండున్నర ఎకరాలు దాటిన జాగాలో పదో వంతుకు మించి చెట్ల నీడ ఉంటే అడవి కిందే లెక్క. మామిడి తోటైనా, జామాయిలైనా సరే.

మాది ఖమ్మం వైపు. నిరుడు మా చెరువు వెనక జామాయిల్ తోట కొట్టారు. చెట్టు పడీ పడగానే కూలీలు బెరడు వలిచేస్తుంటే, తెల్లటి దుంగలు తడిగా మెరుస్తూ లారీకెక్కాయి. కాటా అయ్యాక పేపర్ మిల్లుకు. నాలుగేళ్లకోసారి ఇదే తంతు. ఆ కాగితం, ఆ అట్టపెట్టె కొన్నాళ్లకు చెత్తకుప్పలో కాలితే, నాలుగేళ్లు పీల్చింది మళ్లీ గాల్లోకే. రైతును తప్పుపట్టను, మిర్చితో పోలిస్తే టెన్షన్ లేని పంట అది. దాన్ని నల్లమలతో కలిపి లెక్కేయడమే తప్పు.

భూటాన్ జనాభా దాదాపు మన వరంగల్ నగరమంత. దేశంలో 70 శాతం అడవే, కరెంటు నదుల నుంచి వస్తుంది. మనకు కరెంటులో ఎక్కువ భాగం బొగ్గు నుంచే.

తలా ఒక మొక్క సరిపోతుందా? మన గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సగటున 700 గ్రాములకు పైనే కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. నెలకు 200 యూనిట్లు వాడే ఇంటికి ఏడాదికి దాదాపు 1,700 కిలోలు. బాగా ఎదిగిన చెట్టుకు ఏటా 20 కిలోలని వేసుకున్నా, ఆ ఒక్క ఇంటి కరెంటు బిల్లుకే 85 చెట్లు కావాలి. నాటిన మొక్క ఆ స్థాయికి రావడానికి ఏళ్లు పడుతుంది, అదీ ఎండాకాలం నీళ్లు పోస్తే.

కుట్ర మాటకొస్తే, 2070కల్లా నెట్ జీరో అని 2021లో గ్లాస్గోలో ప్రకటించింది మన ప్రధానే. మరుసటి ఏడాది మన ప్రభుత్వం ఇచ్చిన ప్రణాళికలో అంశాలు ఏడు. కరెంటు, రవాణా, భవనాలు, పరిశ్రమలు అన్నీ ఉన్నాయి. అడవులు వాటిలో ఒకటి మాత్రమే.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది, ఈ మెసేజ్ చెట్లు నరకడానికి కూడా పనికొస్తుంది. మొక్కలు నాటితే సరిపోయేట్టయితే పాత అడవి పోతే ఏమన్నట్టు? గ్రేట్ నికోబార్ దీవిలో ఓడరేవు ప్రాజెక్టు కోసం 130 చదరపు కిలోమీటర్ల వానల అడవిని తీసేందుకు, బదులుగా హరియాణాలో మొక్కలు నాటాలని నిర్ణయించింది ఇలాంటి లెక్కతోనే.

"అయితే చెట్లు వద్దంటావా?" అన్నాడు బాబాయి. వద్దనను. కోరంగిలో, సముద్రం ఒడ్డు బురదలో పెరిగే మడ అడవుల సంగతి చెప్పాను. ఆ బురదలో గాలి ఆడదు, రాలిన ఆకు సరిగ్గా కుళ్లదు, అందుకే కార్బన్ వందల ఏళ్లు అక్కడే ఉంటుంది. మడ కొట్టి రొయ్యల చెరువు తవ్వితే ఆ దాచినదాంట్లో చాలా భాగం బయటికొస్తుంది. ఈసారి కాకినాడ వెళ్లినప్పుడు తీసుకెళ్లి చూపిస్తానన్నాను.