వోచర్ ఉంది, ఇల్లేదీ?

అమెరికాలో సెక్షన్ 8 అద్దె వోచర్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల అద్దెలో కొంత ప్రభుత్వమే కట్టే సాయం) కోసం ఏళ్ల తరబడి వెయిటింగ్ లిస్టులో పడి ఉండాలి. తీరా చేతికొచ్చాక ఇల్లు వెతుక్కునే గడువు మొదలు. కనీసం 60 రోజులు ఇస్తారు, ఆపై పొడిగింపు హౌసింగ్ అథారిటీ (వోచర్లిచ్చే స్థానిక సంస్థ) దయ. ఈలోగా వోచర్ ఒప్పుకునే ఓనరు దొరకాలి (చాలా రాష్ట్రాల్లో కాదనడం నేరం కూడా కాదు!), ఆయన ఫారం మీద సంతకం పెట్టాలి, అద్దె చుట్టుపక్కల ఇళ్లతో పోలిస్తే సబబుగా ఉండాలి, ఇన్‌స్పెక్షన్ పాసవ్వాలి. పొగ అలారం మోగకపోతే ఫెయిలే. అద్దె పేమెంట్ స్టాండర్డ్ (సాయం లెక్కకు అథారిటీ పెట్టిన పరిమితి) దాటితే తేడా అద్దెదారు నెత్తిన. అలా తన వాటా సవరించిన ఆదాయంలో (మినహాయింపులు పోగా మిగిలిన దానిలో) 40 శాతం మించిందా, కొత్తగా ఆ ఇంట్లో చేరనివ్వరు. డిపాజిట్ మామూలుగా సొంత జేబులోంచే. అయినా ఇన్‌స్పెక్టరు వచ్చేదాకా ఇల్లు ఖాళీగా ఏ ఓనరు ఉంచుతాడండీ?