పీ-8ఐ విమానం గారికి ఓ మునిగిన రైతు ఉత్తరం

మహారాజశ్రీ పీ-8ఐ విమానం గారికి,

అంతర్వేది దగ్గర వరిచేను గట్టు మీంచి నమస్కరించి రాయునది. ఇక్కడ అంతా క్షేమం అని రాయాలి గానీ, చేలో ఇంకా మోకాలి లోతు నీళ్లున్నాయండి. తమరి క్షేమం పేపర్లో చదువుతూనే ఉన్నాం.

జలాంతర్గాముల్ని వేటాడ్డానికి మన నేవీ కొన్న తమరు 2013లో తమిళనాడులోని అరక్కోణం నేవీ స్థావరానికి వచ్చారు. మొదట ఎనిమిది మంది, తర్వాత నలుగురు, వెరసి పన్నెండు మంది అన్నదమ్ములు. ఒళ్లు చూస్తే మామూలు బోయింగ్ 737, మావాళ్లు పెళ్లిళ్లకి ఎక్కే బండే. కళ్లూ చెవులే వేరు. మీ రాడార్‌కి రాత్రయినా మబ్బయినా ఒకటేనట. సముద్రంలోకి సోనోబాయ్‌లు, అంటే నీళ్ల మీద తేలుతూ కింది చప్పుడు వినే పరికరాలు, జారవిడిచి జలాంతర్గామి చప్పుడు వింటారట. అంత ఇనుము నీళ్ల కింద కదిలితే భూమి అయస్కాంత క్షేత్రం కాస్త చెదురుతుంది కదా, అది పసిగట్టే పరికరం మీ తోకలో ఉందట. అమెరికా నేవీ తన పీ-8ఏలకి అది వద్దనుకుంటే, మనవాళ్లు సారెలో ఇంకో బిందె అడిగినట్టు అడిగి మరీ పెట్టించారు.

మీకంటే ముందు ఇదే పని చేసిన పెద్దాయన ఇల్-38 విమానం గారు 1977లో నేవీలో చేరి, ముసలితనంలో సీ డ్రాగన్ అనే కొత్త సెన్సర్లు పెట్టించుకుని, 2023 దాకా పనిచేశారు. ఇందులో వింతేం లేదండి. శుక్లాల ఆపరేషన్ అయ్యాక మా తాతయ్యా అంతే. మోకాళ్లు పాతవే, కానీ ఏ చెట్టుకి ఎన్ని కాయలు పోయాయో మంచం మీంచే చెప్పేవాడు.

ఇక నా గొడవ. మొన్న తుఫానుకి చేను మునిగింది. నష్టం రాసుకోడానికి ఓ ఆఫీసరు గారొచ్చారు. కారు దిగలేదు, అద్దం దించారు. మబ్బుగా ఉంది, ఫొటో పడట్లేదన్నారు. ఎండ కాశాక మళ్లీ వచ్చారు.

"అక్కడ నీళ్లే ఉన్నాయి, పంటేదండీ?"

"నీళ్ల కింద ఉందండీ."

"కనపడని పంటకి నష్టం ఎలా రాస్తామండీ?"

రూలే మరి. సముద్రం అడుగున దాక్కున్న జలాంతర్గామి మీకు దొరుకుతుంది. పాపం దాక్కోవడమే తెలియని మా మార్టేరు స్వర్ణ రకం వరి ఆఫీసరు గారికి దొరకలేదు. వరిలో ఇనుము లేకపోవడం మా తప్పే అనుకోండి.

సముద్రానికని కొన్న మిమ్మల్నే 2020లో లద్దాఖ్ కొండల మీదికి పంపారు కదా, మా చేలెంత దూరం? ఓసారి ఇటొచ్చి మా మురుగు కాలువలో ఒక్క సోనోబాయ్ పడేయండి. మునగదు లెండి, గుర్రపు డెక్క మీద కూర్చుంటుంది. నీళ్ల పైనే ఉంటుంది కాబట్టి ఆఫీసరు గారు కారు దిగకుండానే దాన్ని రాసుకోవచ్చు.

ఇట్లు,
తమరి కింద, నీళ్ల కింద ఉన్న రైతు