చిన్న చేపలే కదా, సర్దుకుపోతాయి!

మా బావగారు అక్వేరియం శాస్త్రాన్నంతటినీ ఒక్క వాక్యంలోకి కుదించిన మహానుభావులు. "చిన్న చేపలే కదా, సర్దుకుపోతాయి" అన్నదే ఆ వాక్యం. దీనిని ఆయనే కనిపెట్టారని అనుకోకండి. మరుగుజ్జు సిక్లిడ్లనే చిన్న అక్వేరియం చేపలను పెంచుదామని ముచ్చటపడిన ప్రతివారికీ ఎవరో ఒకరు ఈ మంత్రాన్ని ఉచితంగా ఉపదేశిస్తూనే ఉంటారు. మీరూ వినే ఉంటారు. చేపను అంగుళాలలో కొలిచేవారికి దాని పౌరుషాన్ని కొలిచే బద్ద ఇంకా దొరకలేదు. పిట్ట కొంచెం కూత ఘనం అన్న సామెత వారి దృష్టిలో పిట్టలకే పరిమితం.

బావగారి తొట్టి పొడవు 60 సెంటీమీటర్లు, వెడల్పు 30, ఎత్తు 30. అంచు దాకా నింపితే 54 లీటర్లు. అందులోకి ఆయన దక్షిణ అమెరికాలో, వెనిజులా మీదుగా పారే ఒరినోకో నది పరీవాహకం నుంచి రామ్ చేపల జంటను, పెరూ వాగులకు చెందిన అపిస్టోగ్రామా కాకటూయిడిస్ మగదానిని, దాని ముగ్గురు భార్యలను, నైజీరియా వైపు నుంచి క్రిబెన్సిస్ దంపతులను, ఆఫ్రికాలోని టాంగన్యీకా సరస్సు అడుగున ఖాళీ నత్తగుల్లలలో కాపురం చేసే మల్టీఫాసియాటస్‌లను ఆరింటిని ఆహ్వానించారు. రెండు ఖండాల ప్రజలను ఒకే గాటన కట్టడానికి చరిత్రలో సామ్రాజ్యాలు కావలసి వచ్చాయి. బావగారికి ఒక ఆదివారం సరిపోయింది.

నీటి విషయంలో ఆయన పాటించిన ధర్మనిరతిని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. టాంగన్యీకా నీటి పీహెచ్, అంటే ఆమ్ల క్షార గుణాల కొలత, 9కి దగ్గరగా ఉంటుంది. రామ్ పుట్టిన నీరు లవణాలు తక్కువైన మెత్తనిది, ఆమ్ల స్వభావం కలది, దాని పీహెచ్ 6 అనుకోండి. ఎవరికీ పక్షపాతం చూపరాదు గనుక ఆయన రెండూ కూడి, సగం చేసి, ఏడున్నర దగ్గర తీర్పు చెప్పారు. పీహెచ్‌లో ఒక్కొక్క మెట్టు పదింతలనీ, అంటే ఆరుకూ తొమ్మిదికీ మధ్య ఉన్నది మూడు కాదు, వెయ్యి రెట్ల తేడా అనీ నేను మనవి చేసుకున్నాను. "అయితే మధ్యలో ఉండటమే క్షేమం కదా బావా" అన్నారు. ఆ విధంగా ఆ తొట్టిలో అందరికీ సమానంగా అన్యాయం జరిగింది.

కొన్ని వారాల తరువాత ఒక సాయంత్రం ఆయన ఇంటిల్లిపాదినీ, వచ్చిన చుట్టాలనూ తొట్టి ముందు నిలబెట్టారు. క్రిబెన్సిస్ ఆడది పొట్ట నేరేడుపండు రంగుకు తిప్పుకుని, బోర్లించిన కుండ పెంకు కింద గుడ్లు పెట్టి, మొగుడిని గుమ్మంలో కాపలా నిలబెట్టింది. ఆ కాపలా సరిహద్దు తొట్టిలో ముప్పాతిక భాగం దాకా విస్తరించింది. తక్కిన జనాభా దాదాపు యావత్తూ ఫిల్టరు గొట్టం పక్కన, నీటి పైభాగాన, ఒకదానినొకటి ఒరుసుకుంటూ ఒక్క మూలకు చేరింది. బావగారి కళ్లు చెమర్చాయి. "చూశారా ఐకమత్యం! ఎక్కడి పెరూ, ఎక్కడి వెనిజులా! ఒక్కచోట చేరి కబుర్లు చెప్పుకుంటున్నాయి" అన్నారు. చుట్టాలు ఫోటోలు తీశారు. గుల్లలలోంచి ముక్కు కూడా బయట పెట్టని ఆరు ప్రాణులను చూపించి "ఇవి కాస్త సిగ్గరివి" అన్నారు. ఇంతలో అపిస్టోగ్రామా ఆడది ఒకటి, ఒంటినిండా పసుపు, మీద నల్లటి మచ్చలతో, రెండో మూల నుంచి బాణంలా వచ్చి సొంత మొగుడినే పొడిచి వెళ్లింది. "మా నీళ్లు పడ్డాయి, ఎంత కళ వచ్చిందో" అని ఆయన మురిసిపోయారు. ఆ పసుపు గుడ్లను, పిల్లలను కాచుకునే తల్లి కట్టే యుద్ధవస్త్రం. దానిని పెళ్లికళ అనుకున్న ఘనత ఆయనదే.

ఆ మూలలో అందరికన్నా పైన, హీటరుకూ గాజుకూ మధ్య సందులో, మగ రామ్ ఉంది. నీలి మెరుపు పోయి ఒళ్లు మసిబారింది, తోక అంచులు పీలికలయ్యాయి, మొప్పలు ఆగకుండా ఎగిరిపడుతున్నాయి. వేసిన మేత దాని ముందునుంచే జారి కిందికి పోతున్నా కదలలేదు. "అది మొదటి నుంచీ నీరసపుది" అని బావగారు నీటిలో ఏదో మందు కలిపారు. ఏమి నీరసం? నదిలోనైతే ఓడిన చేప నాలుగు బారలు వెనక్కి పోతుంది, గెలిచినది తిరిగి ఇంటికి పోతుంది, తగవు అక్కడితో సరి. గాజుపెట్టెలో వెనక్కి పోవడానికి చోటెక్కడ ఉంది? పారిపోయే దారి మూసినది మనం, రోజుకు వందసార్లు తరిమించినది మనం, చివరికి జబ్బుమనిషి అని పేరు పెట్టినదీ మనమే! సర్దుకుపొమ్మని చెప్పే నోటికి ఏనాడైనా ఆ హీటరు సందులో ఒక్క రాత్రి గడపవలసి వచ్చిందా? ఇది తెలియక జరిగిందని నేను ఒప్పుకోను. చెప్పాను. మూడుసార్లు చెప్పాను.

అంత తొట్టికి అడుగున గూడు కట్టే జంట ఒక్కటి చాలు, పైన ఈదడానికి నెమ్మదైన చిన్న టెట్రా చేపల గుంపు ఉంటే ముచ్చటగా ఉంటుంది, రెండో జాతి కావాలంటే ఒకే నీరు కోరే దానిని చూసి, అంతకు రెట్టింపు పొడవైన తొట్టి కొని, రాళ్లతో చెక్కలతో ఒకరికొకరు కనబడకుండా అడ్డుకట్టండి అన్నాను. ఈ చేపలు పంచుకునేది నీళ్లను కాదు, నేలను అని కూడా అన్నాను. "ఇంత తొట్టిలో రెండే చేపలా? బోసిగా ఉండదూ?" అని ఆయన నన్ను పిసినారిని చూసినట్టు చూశారు.

నిన్న పొద్దున్నే ఫోన్ చేశారు. రామ్ పోయిందట. కాసేపు విచారించి, గొంతు సవరించుకుని అన్నారు: "హీటరు దగ్గర చోటు ఖాళీ అయింది బావా. పసుపు రంగుది ఒకటి చూసి ఉంచాను. అదీ చిన్నదే."