చెట్టుకి గుండు, చేతికి పసుపు

సెలూన్లో కుర్చీ ఎక్కగానే మనం తల అప్పజెప్పి కళ్లు మూసుకుంటాం. కత్తి మెడ మీద ఆడుతున్నా నోరెత్తం. అదే చెట్టు కొమ్మలు కొట్టే మనిషి దొరికాడా, కింద నుంచుని మెడ వెనక్కి విరిచి గంటసేపు పాఠం చెబుతాం. చెట్టెక్కడం తప్ప చెట్టు గురించి మనకి తెలియనిది లేదు కాబట్టి ఇది న్యాయమే.

విజయనగరంలో మా పెరట్లో 30 ఏళ్ల వేపచెట్టు ఉంది. నాటింది మా నాన్నగారు కాబట్టి నాకు భక్తి. ఆకులు రాల్చేది మేడ మీద కాబట్టి మా ఆవిడకి కోపం. మధ్యేమార్గంగా ఏటా వానలకి ముందు దానికి గుండు కొట్టిస్తాం. చెట్టు కూల్చాలంటే 2002 నాటి వాల్టా చట్టం అనుమతి అడుగుతుంది గానీ, మేం కూల్చడం లేదు కదా. సింహాచలంలో మనం ఇచ్చుకునే మొక్కులాంటిదే ఇదీను. కాకపోతే మనకి మళ్లీ మామూలు జుట్టే వస్తుంది. చెట్టుకి మోడు చుట్టూ గుత్తులు గుత్తులుగా చిగుళ్లు లేస్తాయి. అసలు కొమ్మలా లోపల చేవలోంచి రావు, పైపైన అతుక్కుని ఉంటాయంతే. గట్టిగాలికి ముందు ఊడిపడేవి అవే. పడకుండా మళ్లీ ఏడాది మళ్లీ గుండు. ఒక్క చెట్టు మీద ఇంత ఉపాధి హామీ ఇచ్చిన ఇల్లు మా వీధిలో ఇంకోటి లేదు.

ఈ ఏడు కొత్త మనిషి వచ్చాడు. తొమ్మిదింటికి వస్తానని తొమ్మిదింటికే వచ్చేశాడు. నా అనుమానం అక్కడే మొదలైంది. టీవీఎస్ బండి మీద గోనెసంచి, అందులో కోత మిషన్, చేతి రంపం, నడుముకి కట్టుకునే మోకు, రెండు లావుపాటి తాళ్లు. దిగగానే ఎక్కుతాడనుకుంటే, పావుగంట చెట్టు చుట్టూ తిరిగాడు. చెట్టు మొదట్లో మేం పోయించిన సిమెంటు చూసి నిట్టూర్చాడు. వేళ్ల దగ్గర పుట్టగొడుగులేమైనా ఉన్నాయా అని వంగి వెతికాడు. కత్తి వెనక వైపుతో కాండాన్ని కొట్టి, చెవి పెట్టి విన్నాడు.

"ఏటి వింతన్నావు?" అన్నాను.

"లోపల డొల్లేమో సూత్తన్నాను బాబూ. డొల్ల సెట్టెక్కితే నానే పోతాను."

ఈ పావుగంట కూడా కూలీలో కలుపుతాడేమోనని నాకు టెన్షన్.

తర్వాత నీళ్ల సీసాలో లీటరు పెట్రోలు పోసి, మూతతో కొలిచి సరిగ్గా 20 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ కలిపాడు. మందు పోసేటప్పుడు కూడా కాంపౌండరు అంత జాగ్రత్తగా కొలవడం నేను చూడలేదు. కొలతలేటి, గుప్పున పోసీ అన్నాను. ఎక్కువైతే పొగ, తక్కువైతే పిస్టన్ పట్టీస్తాది అన్నాడు. అది చాలక మిషన్ ఒళ్లో పెట్టుకుని, గుండ్రటి ఆకురాయి తీసి, చైను మీద ఒక పంటికి స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టుకుని, ఒక్కో పంటికీ మూడేసి సార్లు ముందుకే తోశాడు. ఒక పక్క పళ్లన్నీ అయ్యాక మిషన్ తిప్పి రెండో పక్క. "పిండిలా రాలితే మొద్దు బాబూ, పలుకులు పలుకులుగా రాలాల" అని నాకు పాఠం. మా ఇంట్లో పాఠం చెప్పాల్సింది ఎవరో అతనికి తెలియదు పాపం.

అంత సాన పట్టిన మిషన్‌ని తీరా కిందే వదిలేసి, చేతి రంపం భుజాన వేసుకుని ఎక్కాడు. పైన ఒంటి చేత్తో మిషన్ పట్టుకుంటే, దాని ముక్కు ఏ కొమ్మకో తగిలి ఎగిరి ముఖం మీదకే వస్తుందట. మిషన్‌తో సహా పన్నెండొందలు అని మాట్లాడుకున్నాక మిషన్ నీడన పడుకోవడం, మనిషి ఎండలో కోయడం ఏం లెక్కో మీరే చెప్పండి.

పైన కోత కూడా తిన్నగా లేదు. ముందు కొమ్మకి కింది నుంచి కొంచెం కోసి, జానెడు అవతలకి జరిగి పై నుంచి కోశాడు. కొమ్మ పోయాక మిగిలిన మోడుని మళ్లీ మూడోసారి కోశాడు. ఒక్క కొమ్మకి మూడు కోతలు! పై నుంచి ఒక్కటేస్తే బరువుకి విరిగి, బెరడు కింద దాకా ఒలిచేసుకుంటూ పోతుందని అతని వాదన. పోనీ మూడోసారైనా కాండానికి నున్నగా కోశాడా అంటే, మొదట్లో ఉబ్బుగా ఉన్న భాగం అలాగే వదిలేశాడు. "అక్కడినుంచే మూసుకుంతాది బాబూ, అది కోసీకూడదు." కొమ్మంతటికీ డబ్బులిస్తూ రెండంగుళాలు వదిలేయించుకునే అమాయకుణ్ణి కాను. ఆ రెండంగుళాలూ మనసులో రాసుకున్నాను.

ఇలాంటి మనిషి విలువ అక్టోబరులో వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన మర్నాడు, వీధికి అడ్డంగా పడ్డ తురాయి దగ్గర రంపం ఉన్న ప్రతివాడూ మాకు 'నాయనా' అయ్యాడు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను శ్రీకాకుళం వైపు ఉద్దానాన్ని ఊడ్చేసినప్పుడు కవిటి దగ్గర మా బావమరిది కొబ్బరితోటలో రంపం ఉన్నవాడు అడిగిందే కూలి. నేలకొరిగిన చెట్టు నిలబడ్డ చెట్టు కంటే ప్రమాదం. వేళ్లతో లేచి పడ్డదాని కాండం కోసేస్తే, బరువు తప్పిన వేళ్ల దిమ్మ ఒక్కసారిగా లేచి గోతిలో కూలబడుతుంది. సరిగ్గా ఆ గోతి పక్కనే నుంచుని మా వాళ్లు సెల్ఫీలు దిగారు. కొబ్బరి మళ్లీ నాటి కాపుకి రావాలంటే ఆరేడేళ్లు. మేం మళ్లీ బేరానికి రావడానికి ఆరేడు రోజులు చాలాయి.

పడితే ఏమిటి సంగతి అని అడక్కండి. కొబ్బరి చెట్లెక్కేవాళ్ల కోసం కొబ్బరి అభివృద్ధి బోర్డు 'కేర సురక్ష' అని ప్రమాద బీమా పెట్టింది. వేపకి బోర్డు లేదు. కాబట్టి పడదలచుకున్నవాడు కొబ్బరి చెట్టు చూసుకుని పడాలి.

ఎత్తున ఉన్న మనిషిని పట్టించుకోవడం మనకి చేతకాక కాదండోయ్. దసరా వెళ్లాక మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం చూడండి. కలలో అమ్మవారు చూపించిన చింతమానుకి పసుపు కుంకాలు పెట్టి, పూజ చేసి గానీ గొడ్డలి తాకించరు. ఆ మాను కొసన పూజారి కూర్చుని కోటకీ గుడికీ మధ్య మూడుసార్లు తిరుగుతుంటే, పైనున్న మనిషి వైపే ఊరంతా ఊపిరి బిగబట్టి చూస్తుంది. ఏడాదికి సరిపడా జాగ్రత్త ఆ ఒక్క సాయంత్రం ఖర్చు పెట్టేస్తాం. మిగతా 364 రోజులకి ఏం మిగుల్తుంది?

మేడ మీదకి వాలిన పెద్ద కొమ్మ దగ్గర పేచీ వచ్చింది. దాన్ని తాడుతో మెల్లగా దింపాలి, తాడు కొస పట్టడానికి కింద ఇంకో మనిషి కావాలి అన్నాడు. ఇంకో మనిషంటే ఇంకో ఐదొందలు. నేనే పట్టుకుంటానన్నాను.

"అయితే తాడు కాండానికి రెండు సుట్లు తిప్పి పట్టుకోండి బాబూ. ఒట్టి సేతుల్తో పట్టుకోకండి."

చుట్లు తిప్పితే తాడు అరిగిపోదూ? అయినా అంత కొమ్మకి ఇంత మనిషిని చాలనా? ఉత్త చేతుల్తో బిగించి పట్టుకున్నాను.

"పట్టుకున్నారా బాబూ?"

"పట్టుకున్నాను, నువ్వు కానీ."

రంపం ఆగింది. తర్వాత నాకు తెలిసింది ఏమిటంటే, తాడు నా గుప్పిట్లోంచి పది అడుగులు పోయింది, కొమ్మ మా ఆవిడ తులసికోట పక్కన పడింది, రెండు అరచేతుల తోలూ తాడు పట్టుకుపోయింది.

దిగొచ్చి నా చేతులు చూశాడు. లోపల్నుంచి పసుపు తెమ్మని మా ఆవిడని అడిగి, తనే అద్దాడు. ఇదే సమయమని ఆ రెండంగుళాల సంగతి, నా చేతుల సంగతి కలిపి రెండొందలు తగ్గించమన్నాను.

వంద తగ్గించాడు.